అలుగు మట్టం తేలకుండా అనుమతులా?

హైదరాబాద్‌లో 500 చదరపు మీటర్లలోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటి అనుమతికి యజమాని స్వీయ ధ్రువీకరణ చాలు. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చాలి, లేదంటే అనుమతి వచ్చినట్లేనని 2020 నాటి చట్టం చెబుతోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ఇదే నగరంలో ఎన్నో చెరువుల హద్దులు ఏళ్లుగా ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోయాయి.

చెరువు హద్దును చెప్పేది అలుగు, అంటే నిండాక మిగులు నీరు పొర్లిపోయే కట్టడం. దాని పైఅంచు దాకా నీళ్లు నిలిస్తే ఎంత మేర మునుగుతుందో అదే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు. ఆ మట్టం పట్టుకుని, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు సర్వే చేసి, గీతను గ్రామ నక్షా మీదకు సర్వే నంబర్లవారీగా దించాలి. నీటిపారుదల, రెవెన్యూ శాఖలు రెండూ సంతకాలు పెట్టాలి. అభ్యంతరాలు విన్నాకే తుది నోటిఫికేషన్. ఎవరో అలుగును పగలగొట్టాక సర్వే జరిగితే చెరువు కాగితం మీదే కుంచించుకుపోతుంది. నూటికి ఒకటి వాలున్న నేలలో అలుగు ఒక్క అడుగు తగ్గితే నూరడుగుల మేర శిఖం భూమి (చెరువు లోపలి నేల) బయటపడుతుంది. నీళ్లు తగ్గాక సాగు చేసుకోవాల్సిన ఆ శిఖం పట్టాలే ప్లాట్లవుతాయి. 2012 నిబంధనల ప్రకారం ఎఫ్‌టీఎల్ గీత నుంచి 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. కొలత మొదలయ్యే గీతే తప్పయితే ఆ బఫర్ ఎవరిని కాపాడుతుంది? అప్పు చేసి కొన్న కుటుంబం చివరికి కూల్చివేత నాడు రోడ్డున పడుతుంది.

అలుగు దిగిన నీటికి నాలాయే దారి. చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. నేలంతా సిమెంటు పరుచుకున్నాక అందులో భూమిలోకి ఇంకే నీరు కొంచెమే. కల్వర్టు నోటికి అడ్డంగా మంచినీటి పైపు, కేబుళ్ల కట్ట ఉంటే చాలు, చెత్త, పాత పరుపులు అక్కడే పట్టేస్తాయి. నాలా విస్తరణ దిగువన మూసీ వైపు నుంచి పైకి రావాలి. ఒత్తిళ్లకు లొంగి పైభాగాన్ని ముందు వెడల్పు చేస్తే కింది బస్తీని ముంచినట్లే. 2020 అక్టోబరులో పల్లెచెరువు, ఆ తర్వాత కొద్దిరోజులకే గుర్రం చెరువు కట్టలు తెగాయి. ఇళ్లలోకి చేరిన బురద ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

పాత నక్షాలు, నీటిపారుదల రికార్డులు తీసి అసలు అలుగు మట్టాన్ని తేల్చాలి. దాన్ని కట్ట మీద రాతిపై చెక్కాలి, అనుమతులిచ్చే సాఫ్ట్‌వేర్‌లోనూ చేర్చాలి. అప్పటిదాకా తుది నోటిఫికేషన్ లేని చెరువుల పక్క సర్వే నంబర్లకు 21 రోజుల గడువు, స్వీయ ధ్రువీకరణ రెండూ వర్తించకుండా ప్రభుత్వం వెంటనే సవరణ తేవాలి.