ఊరికే కూర్చోవాలంటే ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్‌లో పార్కు బాగు చేస్తున్నామంటే ముందు వాకింగ్ ట్రాక్ వేస్తారు. ఆ తర్వాత ఓపెన్ జిమ్, ఫౌంటెన్, ఫొటోలు దిగడానికి పెద్ద అక్షరాల బోర్డు. ఏ పనీ లేకుండా కాసేపు కూర్చుని పోదామని వచ్చేవాడు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండడు. నా దృష్టిలో నగరం నడిబొడ్డున పార్కు అవసరం అందరికంటే వాడికే ఎక్కువ.

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి ఇందిరా పార్కునే తీసుకోండి. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. మొత్తం 76 ఎకరాలు. అంత జాగా ఇప్పుడు కొనాలన్నా అక్కడ దొరకదు. పక్కనే అశోక్‌నగర్. అశోక్‌నగర్ అంటే గ్రూప్స్ కోచింగ్. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. చదువూ తిండీ అన్నీ మంచం మీదే. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరికినా అది పుస్తకం ముందేసుకోడానికే. పరీక్ష వాయిదా పడ్డప్పుడు, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచనప్పుడు, ఆ టెన్షన్‌లో ఒంటరిగా ఉండటానికి చెట్టు నీడ తప్ప వాళ్లకు వేరే చోటేది? ఆ అవసరం మిట్టమధ్యాహ్నం రావచ్చు. నగరంలో చాలా కాలనీ పార్కులకు ఆ వేళ తాళమే. పొద్దున, సాయంత్రం తెరుస్తారు, అంటే వాకర్ల టైమ్‌కు.

2021 ఆగస్టులో ఇదే ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. గొడవయ్యాక దాన్ని తీసేసి క్షమాపణ చెప్పారు. పెళ్లయిందో లేదో గేటు దగ్గర ఎలా తేలుద్దామనుకున్నారో మరి, మెడలో తాళి చూసేవారేమో! పిల్లాపాపలతో వచ్చేవాళ్లు ఇబ్బంది పడుతున్నారన్న మాటను నేను కొట్టిపారేయను. నిర్మానుష్యమైన మూలల్లో వేధింపులూ ఉంటాయి. దానికి కావాల్సింది లైట్లు, పిలిస్తే పలికే గార్డులు, శుభ్రమైన టాయిలెట్లు. అవి ఉంటే ఒంటరిగా వచ్చిన ఆడమనిషి కూడా గంటసేపు నిమ్మళంగా కూర్చుంటుంది. ఇన్ని ఏర్పాట్లు చేయడం కన్నా ఎవరినో ఒకరిని గేటు బయట ఆపడం తేలిక. 2017లో పార్కు పక్కన నిరసనలు జరిగే ధర్నా చౌక్‌ను మూసేసినప్పుడూ స్థానికులకు, వాకర్లకు ఇబ్బందనే వాదనే వినిపించింది.

2023 ఆగస్టులో ఇందిరా పార్కు చౌరస్తా నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. దాని ఖర్చు దాదాపు 450 కోట్లు. ట్రాఫిక్ బాధ తెలిసినవాణ్ని, దాన్ని తప్పుపట్టను. కానీ అందులో వెయ్యో వంతు 45 లక్షలవుతుంది. దాంతో వీపు ఆనించుకునే బెంచీలు, తాగునీళ్లు ఏర్పాటు చేయొచ్చు, మధ్యాహ్నం పార్కులు తెరిచి ఉంచడానికి మనుషుల్ని పెట్టొచ్చు. పార్కు ప్రవేశ టికెట్ సంగతి కూడా తేల్చాలి. రూపాయి రూపాయి చూసుకుని బతికే కోచింగ్ కుర్రాడికి రోజూ కట్టే చిన్న టికెట్ కూడా చిన్నదేం కాదు.