కుందేలా, సమాధుల తోటా?

(గుంటూరులో ఒక లూథరన్ ఇల్లు. గుడ్‌ఫ్రైడే ఏడు మాటల ఆరాధన ముగించుకుని వచ్చారు. ఐదేళ్ల బాబు నిద్రపోయాడు. వంటింట్లో కోడలు ఉడికించిన గుడ్లకు రంగులు వేస్తోంది. నేను అత్తయ్య పక్షమని ముందే ఒప్పుకుంటున్నాను.)

అత్తయ్య: ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే బాబును లేపుతాను. సమాధుల తోటకు నాతో వస్తాడు.

కోడలు: ఈ ఏడు వద్దు అత్తయ్యా. ఇంట్లోనే చేద్దాం. గుడ్లు దాచిపెడతాను, వెతుక్కుంటాడు.

అత్తయ్య: ఈస్టరు గుడ్లు కుందేలు తెచ్చిందని చెబుతావా? నాలుగు సువార్తలూ తిరగేసినా ఆ కుందేలు కనబడదు.

కోడలు: అది జర్మనీది. 1682లోనే ఒక జర్మన్ వైద్యుడు దాని గురించి రాశాడు. ఆ మాటకొస్తే 1842లో గుంటూరు వచ్చిన మన మిషనరీ ఫాదర్ హేయర్ పుట్టిందీ జర్మనీలోనే. ఆయనను ఉంచుకుని కుందేలును తరిమేద్దామా?

అత్తయ్య: భలేదానివి! ఆయన బడులు పెట్టాడు. నీ కుందేలు ఏమి పెట్టింది?

కోడలు: గుడ్లు.

(అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది.)

కోడలు: నవ్వులాట కాదు. కిందటేడు సమాధుల తోటలో ఆ చీకట్లో అందరూ 'క్రీస్తు లేచియున్నాడు' అంటుంటే విన్నాడు. మూడు రాత్రులు 'తాతయ్య ఎప్పుడు లేస్తాడు' అని అడిగాడు. తాతయ్య వస్తే ఎలాగని తలుపు గడియ వేయనివ్వలేదు. మీరు పక్క గదిలో నిద్రపోయారు. జవాబు చెప్పుకోవలసింది నేను.

అత్తయ్య: (కాసేపటికి) ఈ సంగతి నాకు చెప్పలేదేమమ్మా? ఆ రాత్రులు నేను వాడి పక్కన కూర్చోవలసింది. కానీ వాడు అడగకూడనిది అడగలేదు. మార్కు సువార్తలో సుగంధ ద్రవ్యాలు పట్టుకుని యేసు సమాధికి వెళ్లిన ఆడవాళ్లు ఏమి చేశారు? రాయి ఎవరు పొర్లిస్తారా అని దారంతా అనుకుని, తీరా చూసి వణుకుతూ పారిపోయారు. పెద్దవాళ్లే భయపడిన చోట వాడు భయపడడా? నన్ను మా నాన్న భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. తడి సున్నం వాసన, మల్లెపూలు, కరిగే మైనం. ఎవరి సమాధి మీద కొవ్వొత్తి ఆరినా పక్కవాళ్లు వచ్చి వెలిగించేవారు. అక్కడ పడుకున్నవాళ్లంతా మనవాళ్లేనని నాకు తెలిసింది అలాగే, ఎవరో కూర్చోబెట్టి చెబితే కాదు. సోఫా కింద గుడ్డు దొరికితే వాడు గంతులేస్తాడు, కాదనను. కానీ వెతకడానికి వెళ్లినవాళ్లకు దొరకలేదనే కదా మనం పండుగ చేసుకుంటున్నాం! సున్నం వేసిన ఆ సమాధుల మధ్య...

కోడలు: సున్నమంటే గుర్తొచ్చింది. మామయ్య సమాధికి ఈసారి ఎవరు వేయించారు?

అత్తయ్య: ఎవరూ వేయించలేదు. పెద్దవాడు పాలరాయి పరిపిస్తానని రెండేళ్లుగా చెబుతున్నాడు. అన్నయ్య చూసుకుంటాడని మీ ఆయన ఊరుకున్నాడు.

కోడలు: సున్నం చాలని ఈయన అంటే, పాలరాయే కావాలని పట్టుబట్టింది మీరు కాదా?

అత్తయ్య: అన్నాను. అంటే మాత్రం, అంతవరకు నాచు పట్టనివ్వమన్నానా?

కోడలు: రేపు నేనే వెళ్లి పూస్తాను. బాబును కూడా తీసుకెళ్తాను, పగటిపూట.

అత్తయ్య: మరి ఆదివారం?

కోడలు: వాడు రేపు ఏమడుగుతాడో చూశాక చెబుతాను.

అత్తయ్య: ఆ ఎర్ర గుడ్డు ఇటు ఇవ్వు. రంగు ఒకవైపే పట్టింది.