సవరణ: అది టై రాడ్ కాదు, టార్షన్ బార్

పోయిన వారం మా పాత అంబాసిడర్ ముందు భాగాల ఫొటోలు పెట్టి పేర్లు రాశాను కదా, అందులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ దగ్గర మొదలై, వెనక్కి ఫ్లోర్ కిందికి పొడుగ్గా వెళ్లే ఇనుప కడ్డీని టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) అన్నాను. అది టార్షన్ బార్. ఈ కారుకు ముందు వైపు కాయిల్ (చుట్ట) స్ప్రింగులు ఉండవు. ఆ కడ్డీ మెలితిరగడమే స్ప్రింగ్ పని. నా మాట నమ్మి ఎవరైనా దాని బోల్టులు విప్పితే ప్రమాదం, బండి బరువు వల్ల ఆ కడ్డీ మెలితిరిగి బిగుసుకుని ఉంటుంది. ఒకసారి వాడిన బార్లను కుడి ఎడమలు మార్చి బిగించకూడదు కూడా.

నిన్న చిక్కడపల్లిలో మా మేస్త్రీ ముందు చక్రాలు జాకీ మీద లేపి, "సార్, స్టీరింగ్ తిప్పండి" అన్నాడు. తిప్పాను. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగే పళ్ల కడ్డీ) చివర రబ్బరు బూటు సాగింది, దాని పక్కన పొట్టి రాడ్ చక్రం వైపు జరిగింది. టై రాడ్ అంటే అదీ! నేను పేరు పెట్టిన కడ్డీ మాత్రం గ్రీజు మురికితో కదలకుండా కూర్చుంది.

రెండోది ఐడ్లర్ ఆర్మ్, అంటే స్టీరింగ్ బాక్స్‌కు అవతలి వైపున స్టీరింగ్ కడ్డీలకు ఆసరాగా ఉండే చేయి. ఆ ఫొటో ప్రీమియర్ పద్మిని కారుది, పొరపాటున కలిసిపోయింది. పద్మినికి ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్ (గేర్ల పెట్టె) కాబట్టి ఐడ్లర్ ఆర్మ్ ఉంటుంది. అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీ, దాన్ని జరిపే చిన్న గేరు), దానికి ఆ పార్టే లేదు. నా పోస్టు చూసి రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో దానికోసం తిరిగిన మిత్రుడికి సారీ.

పాత ఫొటోల మీద పేర్లు మార్చేశాను.