సవరణ: అమృతాంజనం ముందు, పత్రిక తర్వాత

డబ్బు, సృజన, వారసత్వం గురించి కిందటి వారం రాసిన వ్యాసంలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ప్రస్తావన తప్పుగా వచ్చింది. పత్రికల మీద వచ్చిన ఆదాయంతో ఆయన అమృతాంజనం వ్యాపారం పెట్టారని, ఆయన స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో పుట్టిందని రాశాను. రెండూ తప్పే. మొదటిది మరీ తలకిందులు.

బొంబాయిలో అమృతాంజనం మొదలైంది 1893లో. ఆంధ్రపత్రిక అక్కడే 1908లో వారపత్రికగా వెలువడింది. 1914 అనేది మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చిన సంవత్సరం. ఆయనదే అయిన సాహిత్య మాసపత్రిక భారతి 1924లో వచ్చింది. అంటే తలనొప్పి మందు అమ్మిన డబ్బే తెలుగు అచ్చుకు పెట్టుబడి అయింది. మా ఇంట్లో ఆ పసుపు లేపనం సీసా ఎప్పుడూ ఉండేది. దాని వెనక ఇంత కథ ఉందని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ వరస మారితే నా వాదన కూడా కుంటుపడుతుంది. వ్యాపారబుద్ధి, సాహిత్యాభిరుచి ఒక ఒరలో ఇమడవని ధీమాగా రాసి, దానికి తోడు ఆయన పేరే వాడుకున్నాను! ఆయన జీవితం నా మాటకు సాక్ష్యం కాదు, సమాధానం. లోకం ఆయనను ‘విశ్వదాత’ అన్నది దాచుకున్నందుకు కాదు కదా.

పాత వ్యాసంలో ఆ పేరా తీసేశాను. తప్పు పట్టి చెప్పిన పాఠకులకు కృతజ్ఞతలు.