అత్తమ్మ సవరం

నా జుట్టు భుజాల దగ్గరే ఆగిపోతుంది. ఆఫీసులో అడిగితే ఫ్యాషన్ అంటాను. చుట్టాలు అడిగితే థైరాయిడ్ అంటాను. అసలు సంగతి మా అత్తమ్మకు తెలుసు. ఆమె ఎవరికీ చెప్పదు, ఎవరైనా అడిగితే తప్ప.

అసలు సంగతి ఇది. రెండేళ్ల కింద హనుమకొండలోనే ఒక పార్లర్‌కు వెళ్లి తలనిండా సన్న జడలు వేయించుకున్నాను. నాగటి సాళ్లలాగా నెత్తికి అంటుకుని వరసగా వెనక్కి పోతాయే, కార్న్‌రోస్ అంటారు, అవి. ఆఫ్రికాలో పుట్టిన జడలు. అక్కడివాళ్ల గట్టి ఉంగరాల జుట్టుకు తరతరాలుగా కుదిరిన పనితనం. మనది నున్నగా జారే జుట్టు. పట్టు నిలవదని ఆ అమ్మాయి గట్టిగా లాగింది. ఎంత గట్టిగా అంటే, మూడు గంటల తర్వాత అద్దంలో చూసుకుంటే నా కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి. ఆ రెండు రోజులు దేనికీ ఆశ్చర్యపోకపోయినా నా ముఖం మాత్రం ఆశ్చర్యపోతూనే ఉంది. సెలవు చీటీ మీద సంతకం పెడుతూ మా మేనేజర్ "ఇచ్చినం కదమ్మా, ఎందుకంత నమ్మలేనట్టు చూస్తావు" అన్నాడు.

మూడో రోజు కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులు లేచాయి. రాత్రి ఏ పక్కకు తిరిగినా నొప్పే. అర్ధరాత్రి మా ఆయన ఫోన్ లైటు పట్టుకుంటే మా పాప ఒక్కొక్కటే విప్పింది. జడలతోపాటు కణతల మీది వెంట్రుకలు కూడా కొన్ని చేతికి వచ్చాయి. చర్మం డాక్టరమ్మ చూసి, జడ వేశాక నొప్పి పుట్టిందంటే కుదుళ్లు మొత్తుకుంటున్నట్టు లెక్క అంది. అప్పుడే విప్పేస్తే మళ్లీ మొలుస్తాయట, ఏళ్ల తరబడి అలాగే లాగి కడితే ఆ చోట ఇక మొలవవట. మొలిచేది కూడా నెలకు సుమారు ఒక సెంటీమీటరు. మొత్తం సమంగా రావాలని చివర్లు కత్తిరించేశారు. నేను ఇంటికొచ్చి కాలిక్యులేటర్ తీశాను. నడుము దాకా జడ రావడమూ, మా ఆయన బండి లోను తీరడమూ ఒకే నెలలో పడ్డాయి.

ఈ గాయం మానకముందే మొన్న బతుకమ్మ వచ్చింది.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఆఫీసు ఆడవాళ్లమంతా ఒక తీర్మానం చేశాం. చివరి రోజైన సద్దుల నాటికి అందరూ పట్టుచీర, చేపతోక జడ. తీర్మానం చేసిన ఎనిమిది మందిలో జడ వేయడానికి జుట్టు లేనిది నేనొక్కదాన్నే. ఆమోదించింది మాత్రం అందరికంటే గట్టిగా నేనే.

ఏడో తరగతి చదువుతున్న మా పాప ఫోన్లో వీడియోలు చూసి జడల్లో పండితురాలైంది. ఫ్రెంచ్ జడలో పాయను మీది నుంచి దాటిస్తారు, డచ్ జడలో కింది నుంచి. ఆ ఒక్క తేడాకే ఒకటి తలలోకి అణిగి ఉంటుంది, ఇంకొకటి తాడులాగా ఉబ్బి బయటికి కనిపిస్తుంది. చేపతోకకు రెండే పాయలు. ఒక పాయ బయటి అంచు నుంచి సన్నగా కొంచెం తీసి రెండో పాయలో కలపాలి, మళ్లీ అటు నుంచి ఇటు. ఎంత సన్నగా తీస్తే అంత అందం, అంత ఆలస్యం. ప్రాక్టీసుకు తలలు దొరక్క, హాల్లో పరిచిన కొత్తవాడ షత్రంజి కుచ్చులన్నీ అల్లేసింది. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంటి షత్రంజికి రెండు కొసలా చేపతోకలు కూడా వచ్చాయి. మొన్న చుట్టాలొకరు ఇది కొత్త డిజైనా అని ధర అడిగారు.

అత్తమ్మ ఇదంతా చూస్తూ గునుగు పూలకు రంగు అద్దుతోంది.

"రెండు పాయలతోని జడేందే? మూడోది ఎవలకిచ్చినవ్?" అంది మనవరాలితో.

"నానమ్మా, ఇది ఫిష్‌టెయిల్."

"అమావాస్య నుంచి ఇంట్ల నీసు లేదు. నెత్తి మీద చేపను పెట్టుకుంటరా?"

ఇంత అన్న మనిషే సద్దులకు ముందు రోజు పొద్దున బీరువా తెరిచి అడుగు అర నుంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో పాత నూలు గుడ్డ, గుడ్డ మడతల్లో ఎండిన వేపాకు, వేపాకు కింద సవరం. బారెడు పొడవు, నా మణికట్టంత లావు, నల్లగా మెరుస్తోంది. ఇది బజార్లో కొన్నది కాదు. పెళ్లి కాకముందు అత్తమ్మ తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వాళ్లమ్మ చుట్ట చుట్టి గోడ సందులో దాచేదట. అట్లా పోగైనవాటిని చిక్కుతీసి కట్టించిన సవరం. 1981లో పరకాల దగ్గరి పల్లె నుంచి అత్తారింటికి వస్తూ పెట్టెలో తెచ్చుకుంది. ఇప్పుడు అత్తమ్మ తల తెల్లబడింది. సవరానికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్లే.

"పెట్టుకో బిడ్డా. గని నా మాట ఇను. తలకు ఇయ్యాలనే పోసుకో, రేపు పోసుకోకు. తలకు పోసుకున్ననాడు ఎంటికలు నిలువయి, జారుతయ్."

కుంకుడుకాయలు కూడా తనే కొట్టి నానబెట్టింది. కుంకుడు రసం కళ్లలో పడితే నాలుక మీద ఉప్పు వేసుకుంటే మంట తగ్గుతుందని ఉప్పు గిన్నె పక్కన పెట్టింది. ఈ ఏర్పాటు చూస్తే నాకు తలస్నానం కన్నా ఏదో ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్నట్టు అనిపించింది. ఆ రోజు ఆఫీసు ఉందని తప్పించుకుని, సద్దుల పొద్దున హాయిగా షాంపూ చేసుకున్నాను. దాని మీద కండిషనర్. దాని మీద, మెరవాలని, నాలుగు చుక్కల సీరం. జుట్టు పట్టుకుంటే చేతిలో నిలవడం లేదు. ఎంత మంచిగుందో అని మురిసిపోయాను.

పైగా తడి ఆరనే లేదు. తడి జుట్టు సాగుతుంది, సాగినప్పుడు లాగితే తెగుతుంది, అందుకే తడి మీద జడ వేయొద్దని మా పాప చెబుతూనే ఉంది. సాయంత్రానికి తంగేడు, బంతి, సీతజడ పూలు పేర్చి, ఐదు రకాల సద్దులు కలిపి, మలీద ముద్దలు చేసి, చీర కట్టుకోవాలి. ఆరేదాకా ఆగే టైమ్ ఎవరికుంది?

సవరం కట్టడం దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అత్తమ్మ, నా జుట్టును ముందు నల్లదారంతో బిగించి ముడి వేసి, ఆ ముడికి సవరం కట్టాలంది. కార్న్‌రోస్ నాటి నా కణతలు ఆ మాటకే వణికాయి. "గట్టిగ వద్దత్తమ్మా, డాక్టరమ్మ వద్దన్నది" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది కణతల సంగతి, అత్తమ్మ చెప్పేది పిలక సంగతి అని అప్పుడు తోచలేదు. మా పాప ఒక సన్న రబ్బరు బ్యాండు, రెండు పిన్నులతో సరిపెట్టి అల్లిక మొదలుపెట్టింది. అల్లాక అంచులు పట్టుకుని ఒక్కో మెలికనూ మెల్లగా బయటికి లాగింది. అట్లా లాగితే జడ పూరీలాగా ఉబ్బి రెట్టింపు లావు కనిపిస్తుంది. పట్టు కూడా సగం వదులవుతుంది, ఆ ముక్క వీడియోలో లేదు.

చివరన జడగంటలు. అత్తమ్మ దగ్గర వెండివి ఉన్నాయి. "పట్టుకుచ్చులవి చాలు" అని వెండివి డబ్బాలోనే ఉంచి మూత పెట్టింది. కొంచెం నొచ్చుకున్నాను.

అద్దం ముందు నిలబడి వెనక్కి తిరిగి చూసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. నడుము దాటిన జడ. మా ఆయన తలుపు దగ్గర ఆగిపోయి "ఎవలిది?" అన్నాడు. "మీ అమ్మది" అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నూటపది ఫొటోలు. 1213 నాటి రామప్ప గుడి మదనికలు ఎనిమిది వందల ఏళ్లుగా కొప్పు చెదరకుండా నిలబడ్డారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లది నల్లరాయి, పైగా వాళ్లను ఎవరూ ఆటోలో ఎక్కించలేదు.

పద్మాక్షి గుట్ట దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. నీటి గుండం పక్కన కాలు పెట్టే సందు లేదు. బతుకమ్మలన్నీ నడుమ పెట్టి చుట్టూ గుంపులు గుంపులుగా ఆడవాళ్లు. మా ఆఫీసు వాళ్లు నా జడ చూసి నోరు వెళ్లబెట్టారు. ఒకామె "ఏ నూనె?" అని అడిగింది. నేను సిగ్గుపడుతూ "కుంకుడుకాయ" అన్నాను. అబద్ధం ఆడినా అత్తమ్మ పద్ధతికే పేరొస్తుందిలే అనుకున్నాను. అత్తమ్మ పక్కనే ఉండి విని, ఏమీ అనకుండా కొంగు సర్దుకుంది.

బతుకమ్మ ఆట మీకు తెలుసు కదా. ఒక అడుగు, వంగి ఒక చప్పట, లేచి ఒక అడుగు. వంగినప్పుడల్లా బారెడు సవరం భుజం మీది నుంచి ముందుకొస్తుంది, లేచినప్పుడల్లా వెనక్కి పోతుంది. బావి గిలకకు కట్టిన బొక్కెనలాగా పావుగంటసేపు ఊగింది. మెడ వెనక ఏదో చల్లగా కదులుతున్నట్టు రెండుసార్లు అనిపించింది. చెమట అనుకున్నాను. పాట జోరందుకుంది. జోరుగా వంగాను.

చేపతోక అని పేరు పెట్టుకున్నందుకు అది చేపలాగే జారింది. రబ్బరు బ్యాండు, పిన్నులు, జడగంటలతో సహా గాల్లో ఒక చుట్టు తిరిగి నడుమ ఉన్న ఒక పెద్ద బతుకమ్మ మీద పడింది. పడటం కూడా ఎంత పద్ధతిగా పడిందంటే, మొదలు పైన పసుపు గౌరమ్మ దగ్గర, కొస వెనక సీతజడ పూల మీదుగా కిందికి, గంటలు తాంబాళం అంచున.

పాట ఆగిపోయింది.

ఆ బతుకమ్మ నాదైతే బాగుండేది. అది పెద్ద బొట్టు, దానికి తగ్గ గొంతు ఉన్న ఒక పెద్దమ్మది. "అయ్యో, గౌరమ్మ మీద ఎంటికలు! మైలపడ్డది!" అని ఆమె కేక వేసింది. పక్కనున్న ఒక అమ్మాయి "లేదు, గౌరమ్మకు జడేసిండ్రు, ఎంత మంచిగుందో!" అని అప్పటికే ఫొటో తీస్తోంది. గౌరమ్మకు జడ వేయవచ్చా, వేస్తే ఎవరు వేయాలి అని చర్చ మొదలైంది. ఎవరిది, ఎవరిది అని మాత్రం అందరూ అడుగుతున్నారు. అందరి చేతులూ తమ తమ జడలను తడుముకున్నాయి. నేను కూడా తడుముకున్నాను, మిగిలింది ఎలుకతోకంత పిలక. చప్పున కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. జన్మలో ఎన్నడూ కొంగు కప్పుకోని నన్ను ఆఫీసు వాళ్లు ఏడుగురూ చూస్తున్నారు.

అప్పుడు అత్తమ్మ ముందుకు నడిచింది. సవరం తీసుకుని వస్తుంది, నా పరువు ఎట్లాగూ పోయింది, వస్తువన్నా మిగులుతుంది అనుకున్నాను. ఆమె వంగి, చెదిరిన గంటలను తాంబాళం మీద సరిచేసి, గౌరమ్మకు దండం పెట్టింది.

"మైల ఏంది చెల్లే? బతుకమ్మ మన ఆడబిడ్డ. ఆడబిడ్డను అత్తారింటికి జడ లేకుంట పంపుతమా? నేనే పెట్టిన."

పెద్దమ్మకు ఏమనాలో తోచలేదు. ఒక్క క్షణం చూసి, గుప్పెడు పసుపు తీసి అత్తమ్మ చేతిలో పెట్టింది. పాట మళ్లీ మొదలైంది. నలుగురైదుగురు వచ్చి ఆ జడకు కుంకుమ అద్దారు. కాసేపటికి ఆ బతుకమ్మ, మా అత్తమ్మ ఇరవై ఏళ్లనాటి వెంట్రుకలతో సహా, గుండంలో మెల్లగా కదిలిపోయింది. అత్తమ్మ గట్టున నిలబడి చాలాసేపు చూసింది. చివరికి నా వైపు తిరిగి, "అందుకే వెండియి ఇయ్యలె" అంది.

మరునాటి నుంచి మా స్నానాల గది మేకుకు ఒక ప్లాస్టిక్ కవర్ వేలాడింది. తల దువ్వినప్పుడల్లా వచ్చిన వెంట్రుకలు అందులో వేయాలి. అత్తమ్మ హుకుం. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం ఎవరికైనా మామూలేనని చదివాను కాబట్టి ఏడాదికి తక్కువలో తక్కువ పద్దెనిమిది వేలు దాటుతాయని లెక్క చెప్పాను. "భుజాల దాంక ఉన్న ఎంటికలతోని కడితే సవరం గూడ భుజాల దాంకనే ఉంటది" అని అత్తమ్మ నా లెక్క కొట్టేసింది. అందుకని నా జుట్టు సంరక్షణ ఆమె చేతుల్లోకి పోయింది. వారానికి రెండుసార్లు కుంకుడు రసం, నాలుక మీద ఉప్పు. చిక్కు తీసేది కొస నుంచి పైకి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో. రాత్రి పడుకునే ముందు వదులుగా ఒక్క జడ, మూడు పాయలది. దిండుకు నూలు గలీబు తీసి పాత పట్టుచీర ముక్కతో కుట్టిన నున్నటి గలీబు. మూడు నెలల్లో కవర్ సగం నిండింది. చుట్టాల్లో ఎవరి తల దువ్వుతున్నా అత్తమ్మ కవర్ పట్టుకుని వెనక నిలబడేది. మా ఆడబిడ్డ సంక్రాంతికి వచ్చి, ఆ సంగతి తెలిసి, తల దువ్వుకోవడం మానేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మేము నిద్రపోతుంటే వీధిలో "ఎంటికలకు గిన్నెలు, ఎంటికలకు గిన్నెలూ" అని కేక వినిపించింది. నేను పక్కకు తిరిగి పడుకున్నాను. లేచేసరికి మేకుకు కవర్ లేదు. మా పాప వంటింట్లో ఒక చిన్న స్టీలు గిన్నె పట్టుకుని, తొలి వ్యాపారం చేసిన మొహంతో నిలబడి ఉంది. నా గుండె జారింది.

అత్తమ్మ ఆ గిన్నె తీసుకుంది. వేలితో టంగుమని కొట్టి చూసింది. అంచు తడిమింది. వెలుతురు వైపు పెట్టి అడుగు చూసింది.

"పల్చగుంది. ఇంకొకటి అడగకపోయినవా?" అంది.