మమ్మల్ని కూడా పగడాల్లో చేర్చండి

బరంపురంలో ఇవాళ ఏ లోటూ లేకుండా బతుకుతున్న ప్రాణి ఏదైనా ఉందంటే, అది మా బావగారి హాల్లో మూడడుగుల గాజుతొట్టిలో ఉన్న పగడం. నాయకులనూ కాంట్రాక్టర్లనూ లెక్కలోకి తీసుకునే ఈ మాట అంటున్నాను.

పగడమంటే మంగళవారం వేలికి పెట్టుకునే ఎర్రరాయి అనుకునేవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. అది వేరే జాతి, దానికి కుజుడొక్కడు శాంతిస్తే చాలు. బావగారి పగడం ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న, నాచులాంటి ఆల్గే కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసుకున్న తిండిలో ఎక్కువ భాగం పగడానికే పోతుంది. ఈ ఏర్పాటు చెడకుండా ఉండాలంటే నీటి వేడి 25, 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పదనం తెలిపే సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. ఆల్కలినిటీ, అంటే నీటి క్షారగుణం, 8, కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1300. ఇవన్నీ ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో రాసి అంటించారు. ఇదివరకు అక్కడ మా అక్క బీపీ చీటీ ఉండేది.

అంకె కాస్త అటూఇటూ అయినా పరవాలేదట, రోజుకోలా మారకూడదట. ఆల్కలినిటీ 7.5 అయినా పగడం సర్దుకుంటుంది. ఇవాళ 7.5, రేపు 9.5 అయితే మాత్రం ముడుచుకుని కూర్చుంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో ఇంత నియమంగా నడిచే విషయం ఇంకొకటి నాకు కనిపించలేదు. మే నెలలో తొట్టి కోసం హాల్లో ఏసీ పెట్టించారు. "ఏట్రా బాబూ, నా మంచం కూడా ఆ తొట్టి పక్కన ఎయ్యిరా, మిగిలిన గాలి నాకూ తగుల్తాది" అని బావగారి అమ్మగారు అడిగారు. నీడ పడుతుందేమోనని కొలతలు తీసుకున్నాకే మంచం వేశారు.

గోపాలపూర్ సముద్రం ఇక్కడికి పదిహేను, పదహారు కిలోమీటర్లు. నాలుగు డబ్బాలు నింపుకొస్తే సరిపోదా అని అడిగిన పాపానికి నాకు పెద్ద పాఠం జరిగింది. మహానది, ఋషికుల్య లాంటి నదులు తెచ్చిపోసే ఒండ్రూ మంచినీళ్ళూ పగడానికి పడవు. అందుకే లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, మన్నార్, కచ్ సింధుశాఖల్లో కనిపించేలాంటి పగడపు దిబ్బలు మన తీరంలో లేవు. కాబట్టి సముద్రం పక్కన ఉన్న మనిషి సంచుల్లో వచ్చే ఉప్పు కొని, లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన ఆర్‌ఓ నీళ్ళలో కలిపి, మేడమీద సొంత సముద్రం తయారుచేసుకోవాలి. ఒక లీటరు ఆర్‌ఓ నీళ్ళు దిగేసరికి మూడు, నాలుగు లీటర్లు ఇంకో గొట్టంలోంచి బయటికి పోతాయి. ట్యాంకర్ వచ్చిన రోజున పంపకం జరుగుతుంది: దిగిన నీళ్ళు పగడానికి, పోయిన నీళ్ళు గిన్నెలకూ బట్టలకూ. ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పే మనిషి గిన్నెలు తోముతోంది.

మురికి సంగతి కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి, మున్సిపాలిటీ వారికి ఉపయోగపడుతుంది. చేపలకు వేసిన మేత, వాటి పెంట కలిసి నీళ్ళలో నైట్రేటూ ఫాస్ఫేటూ పెరుగుతాయి. అవి ఎక్కువైతే పగడం ఒంట్లోని ఆల్గే విపరీతంగా పెరిగి, ఆకుపచ్చా ఊదా అన్నీ మాయమై గోధుమరంగు మిగులుతుంది. అందుకని బావగారు నురగతో మురికిని లాగేసే స్కిమ్మర్ కొన్నారు. ధర ఇక్కడ రాయను, అక్క అప్పుడప్పుడు ఇలాంటివి చదువుతుంది. నీళ్ళు తేటపడ్డాయి. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. బావగారు స్వీట్లు పంచారు. తర్వాత తిండి చాలక పగడం పాలిపోయింది. పైగా డైనోలని పిలిచే సూక్ష్మజీవుల జిగురు రాళ్ళంతా పట్టేసింది. రెండు అంకెలూ సున్నాకు దిగిన తొట్లలో దాని బెడద ఎక్కువ. అప్పుడు నైట్రేటు సీసా ఒకటి, ఫాస్ఫేటు సీసా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి రోజూ చుక్కలు వేయడం మొదలుపెట్టారు. అంటే మురికి తీయడానికి ఒక యంత్రం, తీసేసిన మురికిని తిరిగి కొనడానికి నెలనెలా ఖర్చు. ఇప్పుడు నైట్రేటు 5, ఫాస్ఫేటు 0.05 దగ్గర ఆగాయి, పగడానికి రంగు వచ్చింది. ఈ సరుకు మా వీధి కాలువలో ఏడాది పొడుగునా ఉచితంగా పారుతున్నా, సీసాల్లో పట్టి అమ్ముకునే ఆలోచన ఇంతవరకు ఏ అధికారికీ రాలేదు.

ఆ రంగును కూడా సాయంత్రం ఏడు దాటాకే చూడాలి. నీలం ఎల్ఈడీలు వెలిగాక, 450 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని పగడం ఒంట్లోని ప్రోటీన్లు పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా తిప్పి పంపిస్తాయి. మధ్యాహ్నం తెల్లలైటులో చూస్తే, ఫోటో చూసి ఒప్పుకున్న పెళ్ళికొడుకుని పీటల మీద చూసినట్టుంటుంది.

ఇక హోదా. రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో పాటు ఉన్నాయి. వాటిని ఇంటికి తెస్తే పగడం తొట్టిలో, యజమాని కటకటాల్లో. బావగారు భయస్తులు కనుక రాతి ఒళ్ళు లేని పుట్టగొడుగు పగడాలు, లెదర్ పగడాలు, జోయాంథిడ్లతో సరిపెట్టుకున్నారు. ఈ చివరివాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని మరగబెడితే ఆ ఆవిరికే ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలు కావచ్చు. మన ఇళ్ళలో శుభ్రమంటే మరగబెట్టడమే కదా, అందుకని ఆ రాళ్ళ జోలికి పోవద్దని పనమ్మాయికి తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పి ఉంచారు. అక్క అత్తగారి మందుల గురించి ఒక్క భాషలోనే చెప్పారు.

నన్ను కదిలించింది మాత్రం కొత్త పగడానికి జరిగే మర్యాద. పార్సిల్ విప్పగానే తొట్టిలో పడేయరు. సన్న గొట్టంతో తొట్టి నీళ్ళు చుక్కచుక్కగా సంచి నీళ్ళలో కలుపుతారు. లైటు మొదట తగ్గించి వారాల మీద పెంచుతారు. ఒక నీటి నుంచి ఇంకో నీటికి మారడం ఒంటికి కష్టమట. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరిని మద్రాసు ప్రెసిడెన్సీలోంచి తీసి ఒడిశాలో వేసినప్పుడు ఎవరూ చుక్క కలపలేదు. మా తాతలు రాత్రి మద్రాసులో పడుకుని తెల్లారి కటక్ కింద లేచారు. అయినా రంగు పోలేదు: ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపమొస్తే రెండూ.

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక కరెంటు కోసం ఎలా ఎదురుచూశామో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఆ అనుభవంతో బావగారు ఇన్వర్టర్‌కు వరస నిర్ణయించారు. పంపు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కనుక మొదటి స్థానం దానిది. రెండోది వైఫై, లేకపోతే తొట్టి వేడి ఫోన్‌లో కనిపించదు. అత్తగారి నెబ్యులైజర్‌ది మూడో నంబరు.

ఇవన్నీ చూశాక మా వీధివాళ్ళం కూర్చుని తీర్మానం చేశాం. మమ్మల్ని కూడా పగడాల్లో చేర్చాలి. వేడి 26 దాటితే ఎవరో ఒకరు టెన్షన్ పడాలి. మా కుళాయి నీళ్ళను వారానికోసారైనా పరీక్షించి అంకెలు ఎక్కడో ఒక తలుపు మీద అంటించాలి. ఏ కొత్త నిబంధన అయినా మాకు చుక్కచుక్కగా అలవాటు చేయాలి. ఏకగ్రీవంగా ఆమోదించాం. దరఖాస్తు మత్స్యశాఖకు పంపాలా, అటవీశాఖకా, ఒడియాలో రాయాలా, తెలుగులోనా అన్న దగ్గర గొడవయ్యి వాయిదా పడింది. బావగారు రాలేదు. అది తొట్టిలో నీళ్ళు మార్చే రోజు.