80 కిలోల పేషెంట్‌ని 45 కిలోల పిల్ల ఒక్కతే లాగాలా?

హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి నర్సింగ్ చదివే ఆడపిల్లలు మన బంధువుల్లోనో పక్కింట్లోనో ఒకరైనా ఉంటారు. 19 ఏళ్లు, 45 కిలోలు ఉంటుందో లేదో, పొద్దున్నే యూనిఫాం వేసుకుని కాలేజీ బస్సెక్కి వార్డుకి పోతుంది. అక్కడ 80 కిలోల పెద్దాయన మంచంలో కిందికి జారిపోయి ఉంటాడు, డాక్టర్ రౌండ్స్ టైమైంది, వార్డ్ బాయ్ ఇంకో పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకుపోయాడు, స్టాఫ్ సిస్టర్ అటునుంచి "ఆయన్ని కొంచెం పైకి లాగమ్మా" అంటుంది, ఇంకేముంది, ఆ పిల్ల ఆయన చంకల కింద చేతులు పెట్టి ఒక్కతే లాగుతుంది. సాయంత్రం పీజీకి వచ్చి నడుముకి బామ్ రాసుకుని పడుకుంటుంది, అమ్మ ఫోన్ చేస్తే బానే ఉన్నానంటుంది.

మేం అడిగేది ఒకటే. పేషెంట్‌ని క్షేమంగా కదపడం ప్రతి విద్యార్థి చేత చేయించి నేర్పాలి, వచ్చిందో లేదో చూశాకే వార్డు పోస్టింగ్‌కి పంపాలి.

సిలబస్‌లో లేదా అంటే ఉంది. ఫస్టియర్ నర్సింగ్ ఫౌండేషన్‌లో బాడీ మెకానిక్స్ అని పాఠమే ఉంది. మోకాళ్లు వంచాలి, నడుము నిటారుగా ఉంచాలి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి అని నోట్స్ రాసుకుంటారు, స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద ఒకసారి చూపిస్తారు. బొమ్మకి నొప్పి ఉండదు, భయపడి మెడ పట్టుకోదు, సగంలో కాళ్లు వదిలేయదు. పేషెంట్ ఇవన్నీ చేస్తాడు. అసలు క్లాసు చెప్పి వదిలేస్తే నడుము గాయాలు తగ్గవని ఎన్నో అధ్యయనాల్లో తేలింది, ఎందుకంటే మోకాళ్లు ఎంత బాగా వంచినా ఆ బరువు ఒక మనిషి ఎత్తేది కాదు. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థకి చెందిన థామస్ వాటర్స్ 2007లో లెక్కగట్టి, పేషెంట్ల విషయంలో అన్నీ అనుకూలంగా ఉన్నా చేతులతో ఎత్తే బరువు 16 కిలోలు దాటకూడదన్నారు. 70 కిలోల మనిషికి ఒక్క కాలే దాదాపు 11 కిలోలుంటుంది. ఇంటికి తెచ్చుకునే సోనా మసూరి బస్తా 25 కిలోలు, దాన్నే ఇద్దరం పట్టుకుంటాం కదా.

అందుకే ఎత్తకుండా జరపడం నేర్పాలి, దీనికి లక్షల మెషిన్లు ఏమీ అక్కర్లేదు. పేషెంట్‌ని పక్కకి తిప్పి, దుప్పటి ఒకటి సగానికి మడిచి భుజాల దగ్గర్నుంచి తొడల దాకా ఒంటి కింద పరుస్తారు. మంచం బ్రేకులు వేసి, తలవైపు దించి, తల గుద్దుకోకుండా దిండు కమ్మికి ఆనిస్తారు. యూరిన్ బ్యాగు, సెలైన్ పైపు ఎక్కడైనా తగులుకుంటాయేమో చూస్తారు. చెరో పక్క ఇద్దరు నిలబడి షీట్ అంచుని ఒంటి దగ్గరిదాకా చుట్టి పట్టుకుని, "తాతా, గడ్డం ఛాతీకి ఆనించు, మూడు అనగానే మడమలతో తొయ్యి" అని చెప్పి, వెనక కాలి మీది బరువు ముందు కాలి మీదికి మారుస్తూ జరుపుతారు. పెద్దాయన కూడా తనకి చేతనైనంత తోస్తాడు, అది ఆయనకీ మంచిదే. అదే ఒంటిని ఈడిస్తే నడుం కింద చర్మం రాసుకుపోయి బెడ్‌సోర్ మొదలవుతుంది. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టి లాగితే భుజం జారుతుంది. "నా మెడ పట్టుకో తాతా" అని మన పిల్లలు ప్రేమగానే అంటారు, కానీ ఆయన తూలితే ఇద్దరూ పడతారు.

ఇదంతా పుస్తకంలో చదివితే రాదు. క్లాసులో ఒకరు మంచం మీద పడుకోవాలి, ఇంకొకరు జరపాలి, తర్వాత వాళ్లు పడుకోవాలి. తన ఒంటిని ఎవరో చెప్పాపెట్టకుండా గుంజితే ఎంత భయమేస్తుందో ఒకసారి తెలిసిన పిల్ల జీవితంలో పేషెంట్‌ని అలా గుంజదు. ఇంకో మాట, బెంగళూరు వార్డుల్లో కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం పేషెంట్ భాషలో రాకపోతే ఆయన ఒకటికే లేస్తాడు. ఆ నాలుగు ముక్కలు కూడా నేర్పండి.

కాలేజీ ఎంత నేర్పినా వార్డులో రెండో మనిషి లేకపోతే ఏం లాభం? మన జనరల్ వార్డుల్లో చాలా మంచాలు తలవైపు మాత్రమే లేస్తాయి, ఎత్తు మారదు, దాంతో పొట్టి పిల్లా పొడుగు పిల్లా ఇద్దరూ నడుము వంచాల్సిందే. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 34లోనే దెబ్బ తగిలేంత బరువు ఎవరి చేతా మోయించకూడదని రాశారు. బ్రిటన్‌లో 1992 రూల్స్ ప్రకారం అయితే ప్రమాదకరంగా బరువులెత్తే పని వీలైనంత వరకు పెట్టకుండా చూడాల్సింది యజమానే. ఫ్యాక్టరీ కార్మికుడికి అప్పుడే ఇచ్చిన ఆ పాటి రక్షణ వార్డులో పిల్లకి ఎందుకు ఉండకూడదు? పైగా ఆమె ఉద్యోగి కూడా కాదు, ఫీజు కట్టి చదువుకుంటున్న విద్యార్థి.

కర్ణాటకలో నర్సింగ్ పరీక్షలు పెట్టే రాజీవ్‌గాంధీ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ప్రాక్టికల్ పరీక్షలో దీన్ని బొమ్మ మీద కాకుండా మనిషి మీద చేయించి మార్కులు వెయ్యాలి. ప్రిన్సిపాళ్లు వచ్చే బ్యాచ్ వార్డులోకి అడుగుపెట్టేలోపు ఆసుపత్రులకి లెటర్ రాసి, ఫస్టియర్ పిల్ల చేత ఒంటరిగా ఏ పేషెంట్‌నీ ఎత్తించొద్దని చెప్పాలి. "సిస్టర్, ఇంకొకరు వచ్చేదాకా ఆగుతాను" అన్న పిల్లకి ఇంటర్నల్స్‌లో మార్కులు కోయకూడదని కూడా అందులోనే రాయాలి.